వెన్నుపాము కండర క్షీణత - శిశు సంరక్షణ

వెన్నుపాము కండర క్షీణత అనేది వెన్నుపాములోని చాలక నాడీకణాలు క్రమంగా నశించడం వలన కండరాలు బలహీనపడి కృశించే వంశపారంపర్య వ్యాధి. వైద్యులు దీనిని స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అని, క్లుప్తంగా ఎస్.ఎం.ఏ. అని పిలుస్తారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 10,000 జననాలలో ఒక శిశువుకు ఈ వ్యాధి వస్తుంది. ఈ వ్యాధి కండరాలనే గాని బుద్ధిని తాకదు. మెడ నిలపలేని శిశువు కూడా తల్లిని గుర్తుపడుతుంది, నవ్వుతుంది, మాటలను శ్రద్ధగా వింటుంది, స్పర్శను, నొప్పిని అందరిలాగే గ్రహిస్తుంది. నశించిన నాడీకణాలను తిరిగి తెచ్చే మందు లేదు. అయినప్పటికీ వ్యాధిని త్వరగా గుర్తించడం, శ్వాసను, ఆహారాన్ని జాగ్రత్తగా చూసుకోవడం వలన శిశువు ఆయుష్షు, సుఖం రెండూ పెరుగుతాయి. ఈ వ్యాసంలో వ్యాధి వివరాలతో పాటు, పెద్ద ఆసుపత్రులకు దూరంగా ఉండే నెల్లూరు తీరప్రాంతం వంటి చోట్ల ఇటువంటి శిశువును సంరక్షించే విధానం వివరించబడినది.

చరిత్ర

ఈ వ్యాధిని మొదట 1891లో ఆస్ట్రియాకు చెందిన గైడో వెర్డ్‌నిగ్, ఆ తరువాత 1893 నుండి జర్మనీకి చెందిన యోహాన్ హాఫ్‌మన్ వర్ణించారు. అందుచేత శిశువులలో కనిపించే తీవ్ర రూపానికి చాలాకాలం వెర్డ్‌నిగ్-హాఫ్‌మన్ వ్యాధి అనే పేరు వాడుకలో ఉండేది. నడక వచ్చిన తరువాత మొదలయ్యే తేలికపాటి రూపాన్ని 1956లో స్వీడన్ వైద్యులు కూగెల్‌బర్గ్, వెలాండర్ వివరించారు. వ్యాధికి మూలమైన జన్యువును 1995లో ఫ్రాన్సులో జూడిత్ మెల్కీ బృందం కనుగొన్నది. 2007లో వివిధ దేశాల నిపుణులు కలిసి సంరక్షణ ప్రమాణాలను ప్రచురించారు. 2018లో వాటిని సవరించారు. మొదటి మందు 2016 డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొందినది. అంతవరకు శ్వాసకు, ఆహారానికి, ఎముకలకు సంబంధించిన సంరక్షణే ఈ వ్యాధికి ఉన్న ఏకైక చికిత్స. మందులు వచ్చిన తరువాత కూడా ఆ సంరక్షణ అవసరం తగ్గలేదు.

కారణం

మనిషి ఐదవ క్రోమోజోముపై ఎస్.ఎం.ఎన్.1 అనే జన్యువు ఉంటుంది. చాలక నాడీకణాలు బ్రతకడానికి అవసరమైన ఒక ప్రోటీను దీని నుండి తయారవుతుంది. ప్రతి వ్యక్తికి ఈ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి సంక్రమిస్తుంది. రెండూ లోపించినపుడే వ్యాధి వస్తుంది. ఒకటి మాత్రమే లోపించినవారిని వాహకులు అంటారు. వారు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు కనుక తాము వాహకులమనే విషయం వారికి తెలియదు. సుమారు 40 నుండి 60 మందిలో ఒకరు వాహకులని అంచనా.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ శిశువుకు వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మొదటి శిశువుకు వచ్చినది కనుక రెండవ శిశువుకు రాదని గాని, తప్పక వస్తుందని గాని చెప్పడానికి వీలులేదు. ఆడ, మగ శిశువులకు సమానంగా వస్తుంది. గర్భిణి తిన్న ఆహారం, చేసిన పని, గ్రహణం వంటి వాటికి ఈ వ్యాధితో ఏ సంబంధమూ లేదు. లోపించిన జన్యువు సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుండీ వస్తుంది కనుక తల్లిని మాత్రమే నిందించడం అన్యాయమే కాక అశాస్త్రీయం కూడా.

ఎస్.ఎం.ఎన్.2 అనే మరొక జన్యువు ఇదే ప్రోటీనును కొద్ది మోతాదులో తయారుచేస్తుంది. శిశువులో ఈ రెండవ జన్యువు ప్రతులు ఎన్ని ఎక్కువ ఉంటే వ్యాధి సాధారణంగా అంత తేలికగా ఉంటుంది.

రకాలు

వ్యాధి మొదలైన వయసును, శిశువు సాధించిన కదలికలను బట్టి దీనిని విభజిస్తారు.

మొదటి రకం: ఆరు నెలల లోపు మొదలవుతుంది. చికిత్స లేనిచో శిశువు ఆధారం లేకుండా ఎన్నడూ కూర్చోలేదు. మందు గాని, శ్వాస సహాయం గాని అందనివారిలో ఎక్కువమంది రెండేళ్ళు నిండకముందే మరణిస్తారు.

రెండవ రకం: 6 నుండి 18 నెలల మధ్య బయటపడుతుంది. శిశువు కూర్చుంటుంది కాని స్వయంగా నడవలేదు. వెన్ను వంకరపోవడం వీరిలో ముఖ్యమైన సమస్య.

మూడవ రకం: 18 నెలల తరువాత కనిపిస్తుంది. పిల్లలు నడుస్తారు, కాని మెట్లు ఎక్కడం, నేలపై నుండి లేవడం కష్టమవుతుంది. కొందరు పెద్దయ్యేసరికి నడక కోల్పోతారు.

ఇవి కాక పుట్టుకతోనే అతి తీవ్రంగా ఉండే సున్నా రకం, పెద్దవయసులో మొదలయ్యే నాలుగవ రకం అరుదుగా కనిపిస్తాయి.

లక్షణాలు

మూడవ, నాలుగవ నెలకు మెడ నిలపకపోవడం, ఎత్తుకున్నపుడు చేతులలో నుండి జారిపోతున్నట్లు మెత్తగా ఉండటం, కాళ్ళు కప్ప కాళ్ళవలె ఇరుప్రక్కలకు వాలిపోవడం, ఏడుపు సన్నగా ఉండటం, పాలు త్రాగుతూ అలసిపోవడం మొదటి రకం లక్షణాలు. నాలుకపై సన్నని అదురు కనిపిస్తుంది. ఊపిరి పీల్చినపుడు రొమ్ము లోపలికి, పొట్ట బయటకు కదులుతుంది. కొందరు శిశువులు మొదట బాగానే కదిలి, బోర్లపడటం నేర్చి, తరువాత ఆ కదలికలను కోల్పోతారు. వచ్చిన కదలిక పోవడం ఎప్పుడూ ప్రమాద సూచనయే. పల్లెలలో ఇటువంటి శిశువును చూసి "ఆలస్యంగా నడిచే వంశం" అని, బాలారిష్టమని, దిష్టి అని కాలం గడపడం కద్దు. నాడీకణాల నాశనం మొదటి నెలలలోనే అధికంగా జరుగుతుంది కనుక ఆ ఆలస్యానికి శిశువు మూల్యం చెల్లించవలసి వస్తుంది.

నిర్ధారణ

కొద్దిపాటి రక్తంతో చేసే జన్యు పరీక్ష వలన వ్యాధి నిర్ధారణ అవుతుంది. సుమారు 95 శాతం రోగులలో ఎస్.ఎం.ఎన్.1 జన్యువులో ఏడవ భాగం రెండు ప్రతులలోనూ లోపించి ఉంటుంది. కండరం ముక్క తీసి పరీక్షించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఎస్.ఎం.ఎన్.2 ప్రతుల సంఖ్యను కూడా లెక్కిస్తారు. శిశువుకు వ్యాధి ఉన్నదని తేలిన వెంటనే తోబుట్టువులకు పరీక్ష చేయించే విషయం వైద్యునితో మాట్లాడాలి. తరువాత పుట్టిన శిశువుకు పుట్టిన వెంటనే పరీక్ష చేయించాలి. లక్షణాలు కనిపించకముందే మందు మొదలుపెట్టిన శిశువులలో చాలామంది కూర్చోవడం, నడవడం కూడా సాధ్యమైనది.

మందులు

ప్రస్తుతం మూడు ముఖ్యమైన మందులు ఉన్నాయి. మొదటిది న్యూసినెర్సెన్. దీనిని వెన్ను ద్వారా సూదితో ఇస్తారు. రెండవది 2019లో అమెరికాలో ఆమోదం పొందిన జన్యు చికిత్స ఒనసెమ్నోజీన్. దీనిని ఒకేసారి రక్తనాళం ద్వారా ఇస్తారు. దీని ధర సుమారు 16 కోట్ల రూపాయలు కావడంతో మన దేశంలో పలు కుటుంబాలు ప్రజల విరాళాలను ఆశ్రయించవలసి వచ్చినది. మూడవది 2020లో అమెరికాలో, 2021లో మన దేశంలో వచ్చిన రిస్డిప్లామ్. ఇది ప్రతిదినం నోటి ద్వారా గాని, ఆహార గొట్టం ద్వారా గాని ఇచ్చే ద్రవం. ఇంటివద్దనే ఇవ్వవచ్చు.

రిస్డిప్లామ్ సీసా ధర మొదట సుమారు 6 లక్షల రూపాయలు ఉండేది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా సంస్థ తయారుచేసిన రిస్డిప్లామ్‌ను నిలిపివేయాలని మూల సంస్థ రోష్ వేసిన దావాలో 2025 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం మధ్యంతర నిషేధం ఇవ్వడానికి నిరాకరించినది. అప్పీలు కూడా 2025 అక్టోబరులో వీగిపోయినది. అదే నెలలో సర్వోన్నత న్యాయస్థానం జోక్యానికి నిరాకరించినది. నాట్కో తన సీసా ధరను 15,900 రూపాయలుగా ప్రకటించినది. శిశువు బరువు పెరిగిన కొద్దీ నెలకు కావలసిన సీసాలు పెరుగుతాయి. మందు జీవితాంతం వాడవలసినది కనుక ఈ ధర కూడా కూలి మీద బ్రతికే కుటుంబానికి భారమే. ఈ మందులేవీ పోయిన బలాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వలేవు. ఉన్న బలాన్ని నిలబెట్టి, కొంత పెంచగలవు.

ఇంటివద్ద సంరక్షణ

శ్వాస: పక్కటెముకల కండరాలు బలహీనమై, శ్వాస భారమంతా రొమ్ముకు పొట్టకు మధ్య ఉండే ఉదరవితానం అనే కండరంపై పడుతుంది. శిశువు గట్టిగా దగ్గలేదు కనుక సామాన్యమైన జలుబు కూడా న్యుమోనియాగా మారవచ్చు. కఫాన్ని, లాలాజలాన్ని లాగివేసే సక్షన్ యంత్రం ఇంటిలో ఉండటం అవసరం. దగ్గుకు సాయపడే యంత్రం, రాత్రివేళ ముఖానికి తొడుగు పెట్టి గాలిని అందించే బైపాప్ యంత్రం వైద్యుని సలహాపై వాడతారు. శ్వాస బలహీనతకు కేవలం ఆక్సిజన్ పెట్టి వదిలివేయడం ప్రమాదకరం. ఆక్సిజన్ అంకె బాగున్నట్లు కనిపిస్తూనే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవచ్చు.

ఆహారం: నమలడం, మ్రింగడం కష్టమయ్యే కొద్దీ పాలు ఊపిరితిత్తులలోనికి పోయే అవకాశం పెరుగుతుంది. త్రాగేటపుడు పొలమారడం, గొంతులో గురగుర, పాలు త్రాగడానికి అరగంటకు మించి పట్టడం, బరువు పెరగకపోవడం దీనికి గుర్తులు. శిశువును పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోయరాదు. ముక్కులో ఆముదం, నూనె చుక్కలు వేయడం పూర్తిగా మానాలి. నూనె ఊపిరితిత్తులలో చేరితే తీవ్రమైన హాని చేస్తుంది. మ్రింగడం సురక్షితం కానపుడు ముక్కు ద్వారా గాని, పొట్టకు చేసే చిన్న రంధ్రం ద్వారా గాని గొట్టం అమర్చి ఆహారం ఇస్తారు. ఇది ఓటమి కాదు. తిండి కోసం జరిగే పోరాటం తప్పి శిశువుకు, తల్లికి విశ్రాంతి దొరుకుతుంది. శిశువును ఎక్కువసేపు పస్తు ఉంచరాదు. కండరం తక్కువగా ఉన్న శరీరానికి నిల్వ శక్తి ఉండదు.

ఎత్తుకోవడం, పడుకోబెట్టడం: చంకల క్రింద చేతులు పెట్టి ఎత్తితే శిశువు జారిపోతుంది. ఒక చేయి తల, మెడ క్రింద, మరొకటి పిరుదుల క్రింద ఉంచి ఎత్తాలి. చీర ఉయ్యాలలో శరీరం విల్లులా వంగి, గడ్డం రొమ్ముకు ఆని ఊపిరి ఆడదు కనుక సమతలంగా ఉండే పడక మంచిది. మొదటి రకం శిశువుకు నిటారుగా కూర్చోబెట్టినపుడు కంటె పడుకున్నపుడు శ్వాస తేలికగా ఉంటుంది. లాలాజలం ఎక్కువైనపుడు ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నలుగుపెట్టి స్నానం చేయించేటపుడు కాళ్ళు చేతులు బలంగా లాగరాదు. ఫిజియోథెరపిస్టు నేర్పిన విధంగా ప్రతిదినం కీళ్ళను మెల్లగా కదపడం వలన అవి బిగుసుకుపోవు. స్నానానంతరం వేసే సాంబ్రాణి ధూపం, దోమల చుట్ట, కట్టెల పొయ్యి పొగ శిశువు ఉన్న గదిలోనికి రానీయరాదు.

జ్వరం, జలుబు: సాధారణ టీకాలతో పాటు న్యుమోకాకల్ టీకా, ఆరు నెలలు నిండిన తరువాత ఏటా ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించాలి. జలుబు చేసినవారు శిశువు దగ్గరకు రాకపోవడం మర్యాదలోపం కాదు. ఊపిరి వేగం పెరిగినా, పెదవులు నీలం తిరిగినా, శిశువు విపరీతంగా చెమటపట్టి మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మనోవికాసం: ఈ పిల్లలు చూపుతో, చిరునవ్వుతో, వేలి కొసల కదలికతో మాట్లాడతారు. రెండు బొమ్మలు చూపి ఏది కావాలో కళ్ళతో ఎంచుకోనివ్వడం, కథలు చెప్పడం, తేలికపాటి గిలక చేతిలో పెట్టడం వంటివి వారి ఎదుగుదలకు ఆహారమంత అవసరం.

నెల్లూరు తీరంలో సంరక్షణ

ఉత్తరాన కావలి ప్రాంతం నుండి దక్షిణాన పులికాట్ సరస్సు వరకు ఉన్న తీరాన్ని చారిత్రకంగా నెల్లూరు తీరంగా పేర్కొంటారు. 2022 జిల్లాల పునర్విభజనలో దీని దక్షిణ భాగం తిరుపతి జిల్లాలో చేరినది. చేపలవేట, రొయ్యల సాగు, వరి వ్యవసాయం ఇక్కడి ముఖ్య జీవనాధారాలు. మగవారు వేటకు పోయినపుడు, ఆడవారు చేపల అమ్మకానికి, కూలికి వెళ్ళినపుడు శిశువును చూసుకునే భారం తరచు అవ్వ మీదనో, అక్క మీదనో పడుతుంది. కనుక సక్షన్ యంత్రం వాడకం, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం ఇంటిలో కనీసం ఇద్దరు ముగ్గురికి తెలిసి ఉండాలి.

నెల్లూరు నగరంలో 2014లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల, దాని అనుబంధ సర్వజన ఆసుపత్రి, ఇతర వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. అరుదైన వ్యాధులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ప్రత్యేక కేంద్రాలలో ఒకటి హైదరాబాదులో ఉన్నది. అది నెల్లూరుకు సుమారు 450 కిలోమీటర్ల దూరం. చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. కనుక రెండు అంచెల సంరక్షణ మంచిది. మందు, జన్యు సలహా, వెన్ను పరీక్ష వంటి వాటికి ఏడాదిలో కొన్నిసార్లు పెద్ద కేంద్రానికి వెళ్ళాలి. జ్వరం, న్యుమోనియా వంటి అత్యవసరాలకు దగ్గరలోని పిల్లల వైద్యుని వద్దకే వెళ్ళాలి. ఆ వైద్యునికి చూపడానికి వ్యాధి పేరు, వాడుతున్న మందులు, శిశువు బరువు, పెద్ద కేంద్రం వైద్యుల సూచనలు వ్రాసిన ఒక కాగితం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి.

ఈ తీరానికి వానలు ఎక్కువగా ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. తుఫానులు వచ్చేదీ అప్పుడే. 1989 నవంబరులో పెను తుఫాను కావలి వద్ద తీరాన్ని దాటినది. 2021 నవంబరులో పెన్నా వరదల వలన కోవూరు వద్ద జాతీయ రహదారి, పడుగుపాడు వద్ద రైలుమార్గం దెబ్బతిని రాకపోకలు నిలిచిపోయాయి. యంత్రంపై ఆధారపడిన శిశువుకు కరెంటు పోవడం, దారి తెగడం ప్రాణాపాయం. తుఫాను హెచ్చరిక రాగానే, గాలి మొదలు కాకముందే, శిశువును ఆసుపత్రి దగ్గరలోని బంధువుల ఇంటికి తరలించడం ఉత్తమం. బ్యాటరీతో నడిచే సక్షన్ యంత్రం, ఇన్వర్టర్, చేతితో గాలి అందించే సంచి సిద్ధంగా ఉండాలి. రిస్డిప్లామ్ ద్రవాన్ని శీతల పెట్టెలో ఉంచాలి కాని గడ్డకట్టనివ్వరాదు. చేపల మంచుగడ్డలతో నింపిన పెట్టెలో పెట్టవలసి వస్తే సీసా మంచుకు తగలకుండా జాగ్రత్త వహించాలి.

ప్రభుత్వ సహాయం

2021 మార్చిలో వెలువడిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ వ్యాధిని, చికిత్స ఉన్నా ఖర్చు చాలా ఎక్కువైన మూడవ వర్గంలో చేర్చారు. గుర్తించిన ప్రత్యేక కేంద్రాల ద్వారా ఒక్కొక్క రోగికి ఇచ్చే సహాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు. అటువంటి కేంద్రాలలో ఒకటి హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ. డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం దీనితో కలిసి పనిచేస్తుంది. పేరు నమోదు ఆలస్యం కాకుండా వ్యాధి నిర్ధారణ అయిన వెంటనే చేయించుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుండి వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలకు, మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైన పక్షవాత రోగులకు, తీవ్ర కండర క్షీణత ఉన్నవారికి 15,000 రూపాయలకు పెంచినది. దీనికి సదరం శిబిరంలో వైద్యులు ఇచ్చే ధ్రువపత్రం అవసరం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యకు హక్కు కల్పించినది. మండలాలలోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లల చదువుకు తోడ్పడతాయి.

కుటుంబం, ఉపశమన సంరక్షణ

రాత్రిళ్ళు గంటగంటకు లేచి శిశువును తిప్పవలసిన తల్లికి కొన్ని నెలలలోనే తీవ్రమైన అలసట, దిగులు కలుగుతాయి. బంధువులు చూసిపోవడం కంటె, వారానికి ఒక రాత్రి శిశువు ప్రక్కన మేలుకొని తల్లిని నిద్రపోనివ్వడం ఎక్కువ మేలు. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువులకు విషయాన్ని వారి వయసుకు తగినట్లు చెప్పాలి. దాచిపెడితే వారు తమ తప్పు వలన ఇలా జరిగినదని భావించే అవకాశం ఉన్నది.

ఉపశమన సంరక్షణ అనగా చికిత్స మానివేయడం కాదు. నొప్పి, ఆయాసం, భయం లేకుండా చూడటమే దాని ఉద్దేశం. ఇది వ్యాధి నిర్ధారణ అయిన రోజు నుండే మందులతో పాటు సాగవచ్చు. గొంతుకు రంధ్రం చేసి శాశ్వతంగా యంత్రంపై ఉంచడం వంటి నిర్ణయాలను ఆపద సమయంలో కంగారుగా కాక, ముందుగానే వైద్యునితో నెమ్మదిగా మాట్లాడి తీసుకోవడం మంచిది. ఏ నిర్ణయం తీసుకున్నా అది శిశువు సుఖం కోసమైనపుడు తల్లిదండ్రులు దోషులు కారు.

మేనరికం, తరువాతి కాన్పు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగవ వంతు వివాహిత మహిళలు రక్తసంబంధీకులను పెళ్ళాడినవారే. ఒక వ్యక్తి వాహకుడైతే, అతని మేనత్త కూతురికో మేనమామ కూతురికో అదే లోపం వంశంలో నుండి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. అక్క కూతురికైతే నాలుగింట ఒక వంతు. బయటి సంబంధంలో ఇది సుమారు యాభైలో ఒక వంతు మాత్రమే. అయితే మేనరికం కాని దంపతులకు కూడా ఈ వ్యాధి గల శిశువు పుట్టవచ్చు.

ఇంటిలో ఒక శిశువుకు వ్యాధి ఉన్నదని తేలినపుడు తల్లిదండ్రులు, వారి తోబుట్టువులు రక్త పరీక్షతో తాము వాహకులో కాదో తెలుసుకోవచ్చు. ఇద్దరూ వాహకులైన దంపతులకు గర్భం మూడవ నెలలో మాయ నుండి, లేదా నాలుగవ నెల తరువాత ఉమ్మనీటి నుండి నమూనా తీసి గర్భస్థ శిశువును పరీక్షించే వీలున్నది. 1994 చట్టం గుర్తింపు పొందిన కేంద్రాలలో ఇటువంటి జన్యు పరీక్షలను అనుమతిస్తుంది, లింగ నిర్ధారణను మాత్రం నిషేధిస్తుంది. కనుక శిశువు బ్రతికి ఉండగానే జన్యు పరీక్ష చేయించి, ఆ ఫలితపు కాగితాన్ని భద్రపరచడం తరువాతి కాన్పుకు, బంధువర్గంలోని ఇతర దంపతులకు కూడా ఎంతో ఉపయోగపడుతుంది.